మిలిట్రీలో చేరాక ఏమిటి? సిపాయి నుంచి సుబేదారు దాకా

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)



"ఉద్యోగాలు, మన యువత" గురించి మాట్లాడమని సంఘం వారు మమ్మల్ని అడిగారు. అన్ని ఉద్యోగాల గురించి చెప్పాలంటే సాయంత్రం ధింసాకి టైము మిగలదు. అందుకని సైన్యం ఒక్కదాని గురించే చెబుతాం. అందులోనూ ఎలా చేరాలి అన్నది చెప్పం. పరుగు ఎంత, ఎత్తు ఎంత, పరీక్ష ఎప్పుడు అన్నవి పిల్లలకి మాకంటే బాగా తెలుసు, ఫోనులో చూస్తూనే ఉంటారు. చేరిన తర్వాత ఏమవుతుంది, సిపాయిగా వెళ్ళినవాడు పైకి ఎలా వెళ్తాడు, ఎందుకు వెళ్ళలేకపోతాడు అన్నదే ఇవాళ చెప్పదలిచాం.

ఇది ఎందుకు ఎంచుకున్నామో ముందు చెప్పాలి. 2007లో మేము ఒక బాలుర ఆశ్రమ పాఠశాలలో టీచర్లుగా ఉన్నప్పుడు మా పూర్వ విద్యార్థి ఒకడు ఆర్మీకి ఎంపికయ్యాడు. ఆ మండలంలో అది పెద్ద వార్త. సంత దగ్గర ఫ్లెక్సీ కట్టించాం. దండ వేశాం, మైకులో మాట్లాడాం, వాళ్ళ నాన్నకి తువ్వాలు కప్పాం. బస్సు ఎక్కించి ఇంటికొచ్చేశాం. మా పని అయిపోయిందనుకున్నాం.

పదిహేడేళ్ళ తర్వాత, 2024లో అతను పెట్టె పట్టుకుని ఊరికి వచ్చేశాడు. వయసు 36. అదే సంతలో మాకు ఎదురుపడితే "ఏ ర్యాంకు నాయనా?" అని అడిగాం. "సిపాయే మేడం" అన్నాడు. పింఛను వస్తుంది, దానికి లోటు లేదు. కానీ అతనితో పాటు ఒకే రోజున, ఒకే ట్రైనింగు సెంటర్లో చేరిన మైదానం కుర్రాడు ఇప్పుడు హవల్దారు. ఇంకా సర్వీసులోనే ఉన్నాడు. ఇద్దరూ ఒకే తుపాకీ పట్టారు, ఒకే మంచులో డ్యూటీ చేశారు. మరి తేడా ఎక్కడొచ్చింది?

ఆ సాయంత్రం మా హాస్టల్ వరండాలో కూర్చోబెట్టి అడిగితే అతను చెప్పిన సంగతులు రెండే రెండు. మొదటిది, నాలుగో ఏడు ఇటుకల పండగకి సెలవు మీద వచ్చాడు. సెలవు అయిపోయింది. ఇంకో వారం ఉండు, వేట పూర్తవలేదు, మేనమామ అలుగుతాడు అన్నారు. ఉండిపోయాడు. వెనక్కి వెళ్తే శిక్ష పడింది, రికార్డులో ఎర్ర సిరాతో ఎంట్రీ పడింది. రెండోది, కొన్నేళ్ళకి నాయక్ అవడానికి కేడర్ కోర్సుకి పిలుపు వస్తే, తనకి ప్రమోషన్ వద్దని కాగితం మీద సంతకం పెట్టేశాడు. "పదిమంది ముందు నిలబడి హిందీలో పాఠం చెప్పాలంట మేడం. నాకు నోరు తిరగదు. నవ్వుతారు. అందుకే వద్దన్నాను" అన్నాడు.

అతను తన తప్పే అన్నట్టు చెప్పాడు. మేము మాత్రం ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. ఆరో తరగతి నుంచి అతనికి హిందీ చెప్పింది మా స్టాఫే. పుస్తకంలో పాఠం చదివించాం, ప్రశ్నలకి జవాబులు బట్టీ పట్టించాం. నోరు విప్పి నాలుగు మాటలు మాట్లాడించలేదు.

ఆ తర్వాతే మేము ఒక పద్ధతిలో తెలుసుకోవడం మొదలుపెట్టాం. సుబేదారుగా రిటైరైన ఒక అన్నయ్యని, సెలవు మీద వచ్చిన ఒక ఎయిర్‌ఫోర్స్ సార్జెంటు తమ్ముణ్ణి, విశాఖలో నేవీలో ఉన్న ఒక చెల్లెలి భర్తని కూర్చోబెట్టి అడిగాం. వాళ్ళు చెప్పినదాన్ని పిల్లలకి అర్థమయ్యేలా ఇక్కడ పెడుతున్నాం.

ముందు ఆర్మీ. మనవాళ్ళలో ఎక్కువమంది వెళ్ళేది అక్కడికే కాబట్టి దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

అందరికంటే కింద సిపాయి. ఈ సిపాయికే ఒక్కో చోట ఒక్కో పేరు. ఫిరంగుల దళంలో ఉంటే గన్నర్, ఇంజనీర్ల దళంలో ఉంటే శాపర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్, టాంకుల దళంలో సవార్, వాహనాలు, ఆయుధాలు బాగుచేసే ఈఎమ్ఈలో క్రాఫ్ట్స్‌మన్. పేరు మారినంత మాత్రాన హోదా మారదు. మా ఊళ్ళో ఒకాయన తన కొడుకు గన్నర్ కాబట్టి పక్కింటి సిపాయి కంటే పెద్ద అని రెండేళ్ళు చెప్పుకున్నాడు. ఇద్దరిదీ ఒకటే మెట్టు.

ఆ పైన లాన్స్ నాయక్. చేతి మీద ఒక పట్టీ. తర్వాత నాయక్, రెండు పట్టీలు. తర్వాత హవల్దారు, మూడు పట్టీలు. ఇక్కడిదాకా ఒక వరస. హవల్దారు దాటితే నాయబ్ సుబేదారు, సుబేదారు, సుబేదారు మేజర్. వీళ్ళని జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లంటారు. అంటే జవాన్లకీ, పెద్ద ఆఫీసర్లకీ మధ్య నిలబడేవాళ్ళు. జవాన్లు వీళ్ళని 'సాబ్' అని పిలుస్తారు. పట్టీలు పోయి భుజం మీద చుక్కలు వస్తాయి. సుబేదారు మేజర్‌కి భుజం మీద జాతీయ చిహ్నం ఉంటుంది. ఒక పటాలంలో సుబేదారు మేజర్ అంటే ఊళ్ళో పెద్ద నాయుడు లాంటివాడు. కమాండింగ్ ఆఫీసరు కూడా జవాన్ల సంగతి ఆయన్నే అడుగుతాడు.

ఈ మెట్లు ఎక్కడం అన్నది ఊరికే ఏళ్ళు గడిస్తే వచ్చేది కాదు. నాలుగు కలిసి రావాలి. ఖాళీ ఉండాలి, వంతు రావాలి, కేడర్ కోర్సూ పరీక్షలూ పాసవ్వాలి, రికార్డు శుభ్రంగా ఉండాలి. ఖాళీ సంగతే చూడండి. కాల్బలం పటాలంలో ఉంటే కింది మెట్లకి వంతు ఆ పటాలం లోపలే నడుస్తుంది. పైవాళ్ళు రిటైరైతేనో, పైకి వెళ్తేనో కిందవాళ్ళకి చోటు దొరుకుతుంది. ఈఎమ్ఈ, సిగ్నల్స్ లాంటి దళాల్లో అయితే వంతు ట్రేడుని బట్టి నడుస్తుంది. అందుకే ఒకే ఊరి నుంచి ఒకే రోజున చేరిన అన్నదమ్ముల్లో ఒకడికి ముందు, ఒకడికి వెనక పట్టీ వస్తుంది. "వాడికి వచ్చింది, నీకెందుకు రాలేదు" అని ఇంటి దగ్గర పోల్చి సతాయించకండి. ముందు వాడు ఏ దళమో అడగండి.

కేడర్ కోర్సు అంటే చిన్న నాయకుడిగా తయారయ్యే శిక్షణ. సెక్షన్ అంటే సుమారు పదిమంది జవాన్లు. దానికి హవల్దారు నాయకుడు, నాయక్ అతని తర్వాతివాడు. కాబట్టి కోర్సులో ఆయుధాలు, డ్రిల్లు, మ్యాపు చదవడం, పదిమందికి ఆజ్ఞ ఇవ్వడం, పాఠం చెప్పడం ఉంటాయి. మ్యాపు చదవడం మన పిల్లలకి కష్టం కాకూడదు. ఏ కొండ వెనక ఏ గెడ్డ ఉందో, చీకట్లో ఏ దారిన రావాలో వాళ్ళకి చిన్నప్పుడే తెలుసు. అదే కొండని కాగితం మీద గీతలుగా చూపిస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు. అది మేము నేర్పాల్సింది.

రికార్డు సంగతి. ప్రతి ఏడాదీ పై అధికారి గోప్యంగా రిపోర్టు రాస్తారు. నాయబ్ సుబేదారు అవ్వాలంటే బోర్డు కూర్చుని గత కొన్నేళ్ళ రిపోర్టులు తిరగేస్తుంది. మెడికల్ కేటగిరీ చూస్తుంది. శిక్షలు చూస్తుంది. ఒక్క ఎర్ర సిరా ఎంట్రీతో ఉద్యోగం పోదు. కానీ వంతు వచ్చిన రోజున అది ఎదురుగా వచ్చి కూర్చుంటుంది.

తల్లులారా, ఇక్కడ కొంచెం కఠినంగా మాట్లాడతాం, ఏమీ అనుకోవద్దు. రెగ్యులర్ జవానుకి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, అది కాక 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటుంది. పనిని బట్టి ఇస్తారు. తిరిగి చేరాల్సిన తేదీ కాగితం మీద రాసి ఉంటుంది. మనకి పండగ ఒక తేదీతో మొదలై ఒక తేదీతో అయిపోదు. ఇటుకల పండగైనా, కందికొత్తైనా ఊరు తృప్తి పడేదాకా నడుస్తుంది. అది మన అందం. పటాలానికి ఆ సంగతి తెలియదు. మీరు ప్రేమకొద్దీ ఆపిన ఆ వారం రోజులు మీ అబ్బాయి చేతి మీద పట్టీని ఏళ్ళ తరబడి వెనక్కి నెట్టేస్తాయి. నిజంగా ఇబ్బంది వస్తే, తండ్రికి జబ్బు చేస్తే, సెలవు అయిపోకముందే యూనిట్‌కి కబురు పెట్టి పొడిగింపు అడిగే పద్ధతి ఉంది. అడగకుండా ఉండిపోవడమే తప్పు.

జీతం లెక్క కూడా చెబుతాం, ఎందుకంటే సభలో మొదట వచ్చే ప్రశ్న అదే. ఏడో వేతన సంఘం ప్రకారం సిపాయి మూల వేతనం 21,700 దగ్గర మొదలవుతుంది. నాయక్‌ది 25,500, హవల్దారుది 29,200, నాయబ్ సుబేదారుది 35,400, సుబేదారుది 44,900, సుబేదారు మేజర్‌ది 47,600. దీని మీద నెలకి 5,200 మిలిటరీ సర్వీస్ పే, కరువు భత్యం, ఉన్న చోటుని బట్టి మరికొన్ని భత్యాలు కలుస్తాయి. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లో ఇదే మెట్టుకి ఇదే మూల వేతనం.

ఇందులో ఒక మెలిక ఉంది. ప్రమోషన్ రాకపోయినా 8, 16, 24 ఏళ్ళ సర్వీసుకి జీతం పై మెట్టుకి జరిగే ఏర్పాటు ఉంది. 2008 నుంచి ఇలా నడుస్తోంది. దాంతో ఇంటి దగ్గర "మావాడికి జీతం పెరిగింది, ప్రమోషన్ వచ్చినట్టే" అనుకుంటారు. జీతం నాయక్‌ది వచ్చినా చేతి మీద పట్టీ రాదు, పదిమంది మీద అధికారం రాదు. అన్నిటికంటే ముఖ్యం, సర్వీసు కాలం పెరగదు. సైన్యంలో ఎన్నేళ్ళు ఉండనిస్తారన్నది ర్యాంకుని బట్టి ఉంటుంది. సిపాయిగానే మిగిలినవాడు నలభై రాకముందే ఇంటికి రావచ్చు. నాయక్ ఇంకొన్నేళ్ళు, హవల్దారు ఇంకొన్నేళ్ళు, సుబేదారు యాభై దాకా. మా పూర్వ విద్యార్థి కాగితం మీద పెట్టిన ఆ ఒక్క సంతకం విలువ ఎంతో ఇప్పుడు లెక్క వేసుకోండి. పిల్లలు అయిదో తరగతిలో, ఏడో తరగతిలో ఉండగా అతని జీతం ఆగి పింఛను మొదలైంది.

ప్రమోషన్ వద్దనేవాళ్ళందరూ భయంతోనే వద్దంటారని మేము అనం. కొందరికి ఇంటి దగ్గర ముసలివాళ్ళు, భూమి తగాదాలు, త్వరగా వచ్చేయాలన్న కోరిక. అది వాళ్ళ ఇష్టం. తెలిసి వద్దనుకుంటే మాకు అభ్యంతరం లేదు. తెలియక వద్దనుకోవడమే మా బాధ.

ఎయిర్‌ఫోర్స్ సంగతి వేరు. అక్కడ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, లీడింగ్ ఎయిర్‌క్రాఫ్ట్స్‌మన్, కార్పోరల్, సార్జెంట్, జూనియర్ వారంట్ ఆఫీసర్, వారంట్ ఆఫీసర్, మాస్టర్ వారంట్ ఆఫీసర్ అని మెట్లు. కింది మెట్లలో నిర్ణీత సర్వీసు పూర్తయి, పరీక్షలు పాసై, రికార్డు బాగుంటే కార్పోరల్, సార్జెంట్ దాకా కాలాన్ని బట్టి వస్తాయి. ఒక పటాలంలో ఎవరు రిటైరవుతారా అని కాచుకుని కూర్చోవాల్సిన పని అంతగా ఉండదు. సార్జెంట్ దాటాక మాత్రం ట్రేడులో ఖాళీలు, రిపోర్టులు, ఎంపిక అన్నీ వస్తాయి. అంటే అక్కడ పుస్తకం విడిచిపెట్టనివాడికి లాభం. సార్జెంటు తమ్ముడు ఒక మాట అన్నాడు, "మేడం, నేను రన్‌వే పక్కన కూర్చుని చదివినంత డిగ్రీకి కూడా చదవలేదు" అని. ఎయిర్‌మెన్‌కి 57 ఏళ్ళ వయసు దాకా సర్వీసులో కొనసాగే అవకాశం ఉంటుంది. మన హైదరాబాదు పక్కన దుండిగల్‌లో ఉన్న ఎయిర్‌ఫోర్స్ అకాడమీ మాత్రం ఆఫీసర్లది. ఎయిర్‌మన్‌గా ఎంపికైన మా పిల్లాడి తండ్రి ఒకాయన కొడుకు అక్కడికే వెళ్తాడనుకుని సంబరపడ్డాడు. ఎయిర్‌మెన్ మొదటి శిక్షణ కర్ణాటకలోని బెళగావిలో.

నేవీ మన పొరుగిల్లు. కొండ దిగితే విశాఖ, తూర్పు నౌకాదళ కేంద్రం. అయినా మనవాళ్ళు అటువైపు తక్కువ వెళ్తారు. ఈత రాదన్న భయం ఒకటి, సముద్రం మన దేవుళ్ళలో లేదని ఒక తాతయ్య చెప్పిన కారణం ఇంకొకటి. ఈత శిక్షణలో నేర్పుతారు. అక్కడ సీమన్ రెండో తరగతి, సీమన్ ఒకటో తరగతి, లీడింగ్ సీమన్, పెట్టీ ఆఫీసర్, చీఫ్ పెట్టీ ఆఫీసర్, ఆ పైన మాస్టర్ చీఫ్ పెట్టీ ఆఫీసర్ రెండు, ఒకటి. లీడింగ్ అంటే ఆర్మీ నాయక్‌తో సమానం, పెట్టీ ఆఫీసర్ అంటే హవల్దారుతో సమానం. ఈ పేర్లలో కొన్ని మారవచ్చు. 2023 డిసెంబరు 4న సింధుదుర్గ్‌లో జరిగిన నేవీ డే సభలో, నౌకాదళ ర్యాంకులకి భారతీయ సంప్రదాయానికి తగ్గ పేర్లు పెడతామని ప్రధానమంత్రి ప్రకటించారు.

నేవీలో పైకి వెళ్ళాలంటే మూడు చూస్తారు. తన శాఖలో వృత్తి పరీక్షలు, కోర్సులు పాసయ్యాడా? ఓడ మీద తగినంత కాలం పనిచేశాడా? ఆ శాఖ జాబితాలో వంతు వచ్చిందా? శాఖ అంటే వంటశాల, స్టోర్సు, ఇంజను, కరెంటు, వైర్‌లెస్సు, ఆయుధాలు ఇలా. ఒక శాఖలో పెట్టీ ఆఫీసర్ త్వరగా వస్తుంది, ఇంకో శాఖలో ఆలస్యం. విశాఖలో ఒడ్డు మీద డ్యూటీ దొరికితే బాగుణ్ణని ఇంట్లోవాళ్ళు కోరుకుంటారు. ఓడ మీద కాలం గడవనిదే మెట్టు ఎక్కడం కష్టమని ఆ చెల్లెలి భర్త నవ్వుతూ చెప్పాడు.

ఈ మూడింటిలో ఎక్కడా ఎస్టీ రోస్టర్ లేదు. ఇది మనవాళ్ళు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మా హాస్టల్ వార్డెన్లకి, టీచర్లకి, రెవెన్యూ వాళ్ళకి ప్రమోషన్లలో రోస్టర్ పాయింటు ఉంటుంది. దాని కోసం సంఘం ఎన్నిసార్లు వినతిపత్రాలు ఇచ్చిందో మీకు తెలుసు. సైన్యంలో కులం, తెగ ఆధారంగా రిజర్వేషన్ చేరేటప్పుడూ లేదు, పైకి వెళ్ళేటప్పుడూ లేదు. చేరేటప్పుడు గుర్తించిన గిరిజన ప్రాంతాల వాళ్ళకి ఎత్తులో కొంత సడలింపు ఇచ్చే పద్ధతి ఉంది, అంతే. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటివి సైన్యం కావు. అవి హోం శాఖ కింద ఉన్న కేంద్ర పోలీసు బలగాలు, వాటిలో నియామకాలకి రిజర్వేషన్ ఉంది, ర్యాంకులు కూడా కానిస్టేబులు, హెడ్ కానిస్టేబులు అని పోలీసు ర్యాంకులే. ఖాకీయో ఆకుపచ్చో కనిపిస్తే మనం అన్నిటినీ 'మిలిట్రీ' అనేస్తాం. కాగితాలు నింపేటప్పుడు ఆ తేడా తెలియాలి.

ఇప్పుడు చేరేవాళ్ళ సంగతి ఇంకా వేరు. 2022 జూన్‌లో అగ్నిపథ్ వచ్చింది. ఇప్పుడు మూడు దళాల్లోనూ కిందిస్థాయిలో పిల్లలు ఎక్కువగా అగ్నివీరులుగానే చేరుతున్నారు. నాలుగేళ్ళ ఉద్యోగం. మొదటి ఏడు నెలకి 30,000 ప్యాకేజీ, అందులో చేతికి 21,000, మిగతాది సేవానిధికి జమ. నాలుగో ఏడు ప్యాకేజీ 40,000. ఈ నాలుగేళ్ళలో లాన్స్ నాయక్ లేదు, నాయక్ లేదు. అగ్నివీర్ అన్నదే ఒక ప్రత్యేక ర్యాంకు. నాలుగేళ్ళు పూర్తయ్యాక ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం దాకా మాత్రమే రెగ్యులర్‌గా తీసుకుంటారు. వాళ్ళు ఇంకో పదిహేనేళ్ళు తక్కువ కాకుండా సేవ చేయాలి. మిగతావాళ్ళకి సేవానిధి డబ్బు ఇచ్చి పంపేస్తారు. పింఛను ఉండదు.

అంటే ఇందాక చెప్పిన మెట్లన్నిటికీ ముందు ఇప్పుడు ఒక తలుపు పెట్టారు. నలుగురిలో ఒక్కరికి తెరుచుకునే తలుపు. 2022 చివర్లో, 2023 మొదట్లో చేరిన మొదటి బ్యాచ్‌ల వాళ్ళకి ఆ తలుపు 2026 చివర్లో, 2027లో ఎదురవుతుంది. ఈ పథకం మంచిదా చెడ్డదా అని పెద్దలు ఈ వేదిక మీదే వాదించుకున్నారు, మళ్ళీ వాదించుకుంటారు. నాలుగేళ్ళ తర్వాత ఇంటికి వచ్చే ముగ్గురి గురించి ప్రభుత్వాన్ని అడగాల్సింది చాలా ఉందని మా అభిప్రాయం కూడా. కానీ మా పిల్లలు ఇప్పటికే లోపల ఉన్నారు. వాళ్ళకి మేము చెప్పేది, చేరిన మొదటి రోజు నుంచే మార్కులు పడుతున్నాయని. ఆ పాత విద్యార్థికి తప్పు చేసినా దిద్దుకోవడానికి పదిహేడేళ్ళు ఉన్నాయి, దిద్దుకోలేకపోయాడు. వీళ్ళకి ఉన్నవి నాలుగే. వీళ్ళకి సెలవు కూడా ఏడాదికి 30 రోజులే. పండగకి వారం ఆపుదామనుకునే మేనమామలు ఇది వినాలి.

మా హాస్టల్ ఆడపిల్లల వైపు తిరుగుతాం. ఆర్మీలో మిలటరీ పోలీసులో ఆడపిల్లల్ని జవాన్లుగా తీసుకోవడం మొదలై ఎన్నో ఏళ్ళు కాలేదు. బెంగళూరులో శిక్షణ పొందిన మొదటి బ్యాచ్ 83 మంది 2021 మే నెలలో చేరారు. నేవీలో మహిళా అగ్నివీరులు శ్రీకాకుళం దాటితే ఎంతో దూరం లేని ఒడిశాలోని చిలికా శిక్షణ కేంద్రం నుంచి 2023 మార్చిలో మొదటిసారి బయటికి వచ్చారు. ఎయిర్‌ఫోర్స్‌లోనూ అదే ఏడాది మొదలైంది. వాళ్ళకి విడిగా మెట్లు లేవు, అవే మెట్లు. మా దగ్గర ఇంటర్ చదివిన ఒక అమ్మాయి ఇప్పుడు ఓడల మీద పనికి శిక్షణలో ఉంది. ఫోను చేసినప్పుడల్లా వాళ్ళ అమ్మ "తిన్నావా, చలిగా ఉందా" అని అడుగుతుంది. మేము "పరీక్ష ఎప్పుడు?" అని అడుగుతాం. "మీరు ఇంకా వార్డెన్‌లాగే ఉన్నారు మేడం" అని విసుక్కుంటుంది. విసుక్కోనీ.

మన పెద్దవాళ్ళలో సైన్యం పట్ల ఒక సంకోచం ఉందని మాకు తెలుసు. 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు నడిపిన పితూరీని అణచడానికి మలబార్ స్పెషల్ పోలీసుని, అస్సాం రైఫిల్స్‌ని ఈ కొండల మీదికే తెచ్చారు. గాం గంటందొర కథలు విన్న ఇళ్ళలో యూనిఫారం చూస్తే గుండె ఒకసారి ఆగుతుంది. ఆ జ్ఞాపకం అలాగే ఉండనివ్వండి. దానితో పాటు ఇంకో పేరు కూడా పిల్లలకి చెప్పండి. ఆల్బర్ట్ ఎక్కా. ఇప్పటి జార్ఖండ్‌లోని గుమ్లా ప్రాంతం ఆదివాసీ. 1962లో బీహార్ రెజిమెంట్‌లో సిపాయిగా చేరి, తర్వాత 14 గార్డ్స్‌కి మారి, 1971 డిసెంబరు 3న గంగాసాగర్ పోరాటంలో ప్రాణాలిచ్చాడు. పరమవీరచక్ర ఇచ్చారు. అప్పటికి ఆయన ర్యాంకు లాన్స్ నాయక్. ఒక్క పట్టీ.

గల్వాన్ లోయలో 2020 జూన్‌లో పోయినవాళ్ళలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు పేరు అందరికీ తెలుసు. ఆయన కమాండింగ్ ఆఫీసరుగా ఉన్న 16 బీహార్ పటాలంలోనే నాయబ్ సుబేదారు నుదూరామ్ సోరెన్ కూడా ఉన్నాడు. ఒడిశా మయూర్‌భంజ్ ఆదివాసీ. ఆ రాత్రే పోయాడు, వీరచక్ర వచ్చింది. నాయబ్ సుబేదారు అన్నది వింటే ఇప్పుడు మీకు తెలుస్తుంది, అది ఎన్ని కోర్సులు, ఎన్ని రిపోర్టులు, ఎన్ని సెలవు తేదీలు దాటి వచ్చిన హోదానో. మనలాంటి గూడెం నుంచి వెళ్ళినవాడే.

పతకం వస్తే ఒక్కసారిగా ఆఫీసరైపోతారని పిల్లలు అనుకుంటారు. అలా కాదు. కార్గిల్‌లో టైగర్ హిల్ మీద పోరాడి పరమవీరచక్ర పొందినప్పుడు యోగేంద్ర సింగ్ యాదవ్ వయసు 19, ర్యాంకు గ్రెనేడియర్, అంటే సిపాయి మెట్టు. ఆయన ఒక్కో మెట్టూ ఎక్కుతూ సుబేదారు మేజర్ దాకా వెళ్ళి, గౌరవ కెప్టెన్‌గా 2021 చివర్లో రిటైరయ్యాడు. గౌరవ లెఫ్టినెంట్, గౌరవ కెప్టెన్ అన్నవి రిపబ్లిక్ డేకి, ఆగస్టు 15కి ఎంపికైన జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకి ఇచ్చేవి. నిజంగా ఆఫీసరు అవ్వాలనుకునే రెగ్యులర్ జవానుకి వేరే దారి ఉంది. దేహ్రాదూన్‌లో ఆర్మీ కేడెట్ కాలేజీ. సర్వీసులో ఉండగానే పరీక్ష, ఇంటర్వ్యూ నెగ్గితే అక్కడ మూడేళ్ళు చదివి, మిలటరీ అకాడమీలో ఇంకో ఏడాది శిక్షణ తీసుకుని లెఫ్టినెంట్‌గా బయటికి రావచ్చు. నేవీలోనూ నావికుల నుంచి ఆఫీసర్లని తీసుకునే పథకం ఉంది. వీటికి వయసు హద్దు ఉంటుంది. ముప్పై వచ్చాక తెలిస్తే లాభం లేదు. ఇంటర్ పాసై వెళ్ళే పిల్లాడికి బస్సు ఎక్కేముందే చెప్పాలి.

మా హాస్టల్లో ఏం మారింది అంటే, గొప్పగా చెప్పుకునేంత ఏమీ లేదు. రాత్రి భోజనాలయ్యాక వారానికి మూడు రోజులు హిందీ మాట్లాడుకునే గంట పెట్టాం. ఇంట్లో కొందరిది కువి, కొందరిది ఆదివాసీ ఒరియా, బడిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. నాలుగో భాష నేర్చుకోవడం ఈ పిల్లలకి కొత్త కాదు, మాట్లాడటానికి చోటు లేదు అంతే. మొదటి వారం అందరూ నవ్వుకున్నారు. వంట ఆయమ్మ కూడా "ఖానా ఖాయా?" అని మొదలుపెట్టింది. ఇప్పుడు ఒక్కొక్కరు నిలబడి అయిదు నిమిషాలు ఏదో ఒక పని ఎలా చేయాలో హిందీలో చెబుతారు. పసుపు ఎలా ఉడకబెడతారు, కాఫీ పండు ఎలా కోస్తారు, ఇలాంటివి. ఆదివారం పూట చుట్టుపక్కల కొండల మ్యాపు గీయిస్తున్నాం. గీసిన మ్యాపు పట్టుకుని ఒక జట్టు ముందు వెళ్తుంది, రెండో జట్టు వెతుక్కుంటూ వస్తుంది. రెండుసార్లు పిల్లలు దారి తప్పారు. వాచ్‌మన్ మా మీద చాలా కోపంగా ఉన్నాడు.

ఇంకొకటి, ఒక నోటుబుక్కు పెట్టాం. మా హాస్టళ్ళ నుంచి మూడు దళాల్లోకీ వెళ్ళిన ప్రతి ఒక్కరి పేరు, చేరిన తేదీ, దళం, ట్రేడు, ఇప్పటి ర్యాంకు, రాబోయే పరీక్ష. ఇప్పటికి రాసినవాటిలో చాలా గడులు ఖాళీ. ఎందుకంటే ఇళ్ళలో అడిగితే "మిలిట్రీలో ఉన్నాడు" తప్ప ఇంకేమీ చెప్పలేకపోతున్నారు. ఇవాళ భోజనాల దగ్గర, కుడివైపు చింతచెట్టు కింద, ఆ నోటుబుక్కుతో మా ట్యూటర్ కూర్చుంటారు. మీ ఇంటి నుంచి ఎవరు వెళ్ళారో రాయించండి. అబ్బాయి నంబరు ఉంటే ఇవ్వండి, మేమే ఫోను చేసి అడుగుతాం.

మొదట చెప్పిన పూర్వ విద్యార్థి కూడా ఇవాళ వచ్చాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి చెప్పం. మంగళ, గురు, శనివారాల్లో మా హాస్టల్ పిల్లలకి హిందీ గంట నడిపేది అతనే. పదిమంది ముందు నిలబడలేనని సంతకం పెట్టినవాడు ఇప్పుడు అరవైమంది ముందు నిలబడుతున్నాడు. సిగ్గుపడకుండా అతని దగ్గరికి వెళ్ళి అడగండి, సెలవు కాగితం దగ్గర్నుంచి కేడర్ కోర్సు దాకా అన్నీ చెబుతాడు.

 ధింసా జట్లు సిద్ధంగా ఉన్నాయంటున్నారు.